గంటా పావు విమానం, ఎనిమిది గంటల ప్రయాణం

"మోకాళ్ల నొప్పులతో రాత్రంతా రైల్లో ఎందుకమ్మా, ఇలా ఎక్కి అలా దిగుతాం" అని మా ఆయన అత్తయ్యను సింహాచలం యాత్రకు విమానంలో బయల్దేరదీశారు. టికెట్ మనిషికి 4,380.

శంషాబాద్ నుంచి విశాఖకు ఆకాశమార్గాన సుమారు 510 కిలోమీటర్లు. జెట్ విమానం గాల్లో ఉండేది గంటలోపే. రన్‌వే దాకా పాకడం, దిగాక గేటుకి రావడం కలిపి టికెట్ మీద గంటా పావు వేస్తారు. చిన్న ఏటీఆర్ విమానమైతే ఇంకాస్త ఎక్కువ.

మేం కూకట్‌పల్లిలో ఎనిమిదింటికి క్యాబ్ ఎక్కాం, 1,140 రూపాయలు. (ఒక్కరే వెళ్తుంటే జేఎన్‌టీయూ దగ్గర ఎయిర్‌పోర్టుకి వెళ్లే పుష్పక్ బస్సు ఎక్కండి, హాయి.) విమానం 11:20కి. సెక్యూరిటీ దాటి కూర్చోగానే మొదలైంది. పావుగంట లేటని ఒక మెసేజ్, కాసేపటికి మరో అరగంటని ఇంకోటి. అడిగితే "ఆపరేషనల్ రీజన్స్ మేడమ్" అని అదే పాట. ఈలోగా రెండు ప్లేట్ల ఇడ్లీకి 560 వదిలింది. ప్లేటుకి మూడే ఇడ్లీలు, చట్నీ ఫ్రిజ్ చల్లదనం కూడా వదల్లేదు. బిల్లు చూశాక అత్తయ్య కాఫీ వద్దన్నారు, మా ఆయనతో మాట్లాడటమూ మానేశారు.

ఇంత చిన్న రూట్లలో ఆలస్యం రెండు గంటలు దాటితే టిఫినో భోజనమో ఎయిర్‌లైన్సే పెట్టాలి, అది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. మా ఆలస్యం పెరిగి పెరిగి రెండు గంటలు దాటాక, ఆ మాట నేను గట్టిగా అన్నాకే కౌంటర్ అమ్మాయి కింద నుంచి అట్టపెట్టెలు తీసింది. చిన్న కేకు, జ్యూస్ ప్యాకెట్. పక్కనే ఉన్న పెద్దాయనకి, అడగలేదు కాబట్టి, అదీ లేదు! నేను అడిగి ఇప్పించాను.

1:35కి లేచింది. విశాఖలో సముద్రం మీదికి వెళ్లి వెనక్కి తిరిగి దిగుతుంటే డాల్ఫిన్ నోస్ కొండ, దాని కింద ఓడలు కనిపించాయి. అత్తయ్య కిటికీకి ముక్కు ఆనించి, "ఒరేయ్, ఆ ఓడ కదులుతోందా?" అని కొడుకుని పలకరించారు. అక్కడితో అలక తీరింది.

ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా సింహాచలం చేరి గదిలో సామాను దించేసరికి నాలుగు. ఇంటి నుంచి ఎనిమిది గంటలు. సికింద్రాబాద్ నుంచి వందే భారత్ ఎక్కినా ఎనిమిదిన్నర పైచిలుకే. దర్శనం బాగా జరిగింది. తిరుగు ప్రయాణం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో, పడుకుని లేచేసరికి సికింద్రాబాద్.

విమానమే కావాలంటే తెల్లవారుజామున మొదటిది చూసుకోండి, పొద్దెక్కేకొద్దీ ఒకదాని ఆలస్యం ఇంకోదానికి అంటుకుంటుంది. టిఫిన్ ఇంట్లోనే చేసి కట్టుకెళ్లండి, పొడి ఇడ్లీని సెక్యూరిటీలో ఎవరూ ఆపరు. ఆలస్యం మెసేజ్‌లు, బోర్డింగ్ పాస్, బిల్లులు చెరిపేయకండి, పారేయకండి. అవన్నీ జతచేసి, విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను.