తుపాను నీటిలో తేలిన ఆంప్లిఫయరు పెట్టె

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు మిగిల్చిన బీభత్సం చూసి వచ్చాక, శ్రీకాకుళంలో నాగావళికి దగ్గరగా పల్లపు వీధిలో, కింది వాటాలో అద్దెకుంటున్న నేను, ఆంప్లిఫయరు దాచడానికి 60 లీటర్ల ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొన్నాను. దాని గురించి చెప్పుకోదగ్గది మూత అంచు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఒక్కటే.

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. ఆ వానకు వీధి కాలువ ఎదురుతన్ని, తెల్లవారేసరికి హాలులో మోకాలి లోతు నీరు నిలిచింది. గోడవార ఉండవలసిన పెట్టె వంటగది గుమ్మం దగ్గర ఒక పక్కకు ఒరిగి తేలుతూ కనిపించింది. సామానుతో కలిపినా దాని బరువు 15 కిలోలకు మించదు. గాలి చొరబడని అంత పెట్టె మునగాలంటే దానికి నాలుగింతల బరువు కావాలి కనుక, జానెడు నీరు చేరకముందే అది నేల విడిచి ఉంటుంది. ఆంప్లిఫయరులో ట్రాన్స్‌ఫార్మరు ఒక వైపే ఉండడం వల్ల ఆ వైపు మూత అంచు నీటిలోకి దిగిపోయింది. అయినా క్లిప్పులు విప్పి చూస్తే, అడుగున పరిచిన దినపత్రిక కరకరలాడుతూ ఉంది. “ఫ్రిజ్జు పోనాది గానీ మీ పాటల పెట్టి బాగానే ఉంది” అని మా ఆవిడ దెప్పింది.

అయితే గుమ్మానికి కొట్టుకున్న దెబ్బలకు వాల్యూము మీట కాడ వంగిపోయింది. అప్పటినుంచి చుట్టూ పాత దుప్పట్లు కుక్కి, పెట్టెను కిటికీ ఊచలకు తాడుతో కడుతున్నాను. ఆ తాడు వదులుగా ఉండాలి. బిగించి కడితే నీరు పెరిగినప్పుడు పెట్టె పైకి లేవలేక మునిగి, భారమంతా పట్టీ మీద పడుతుంది.

పట్టీని ఇంత మెచ్చుకున్నాక ఇదీ చెప్పాలి: అది లోపలి తేమను కూడా బయటికి పోనివ్వదు. ముసురులో మూసి, చాలాకాలం తెరవకుండా వదిలేసిన డీవీడీ ప్లేయరు లెన్సు మీద బూజు పొర కట్టింది. ఇప్పుడు నారింజ రంగు సిలికా జెల్ గుళికల సంచులు వేస్తున్నాను. అవి ఆకుపచ్చగా మారితే తేమ నిండినట్లు. వంటకు వాడని మూకుడులో సన్నని సెగ మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. పట్టీ కూడా ఏళ్లు గడిచేకొద్దీ ఒక మూల గట్టిపడింది. మూత కింద కాగితం ముక్క పెట్టి క్లిప్పు వేసి లాగినప్పుడు, మిగతా చోట్ల బిగుసుకునే కాగితం ఆ మూల మాత్రం సులువుగా జారి వచ్చేస్తోంది.

టీవీకి ఈ పెట్టె చాలదు. దాన్ని అటక మీద నిలువుగానే ఉంచుతాను, పడుకోబెట్టను. కరెంటు పోయి వచ్చేటప్పటి దెబ్బకు పెట్టె అక్కరకు రాదు. తుపాను హెచ్చరిక రాగానే ప్లగ్గులతో పాటు డిష్ తీగ కూడా ఊడదీయడమే దానికి మందు.

మేడ మీద గది ఉన్నవారు ఈ డబ్బు దండగ చేసుకోనక్కరలేదు. ఉద్దానం వైపు రేకుల ఇళ్లలో ఉండేవారికి వరద కంటే, గాలికి కప్పు లేచిపోయాక పడే వాన నుంచి ఇది అక్కరకు రావచ్చు. నేనైతే ఈ ఇంట్లో ఉన్నంతకాలం వాడతాను. ఆ మూల ఇంకాస్త వదులైతే, పట్టీ విడిగా దొరికితేనే మారుస్తాను, కొత్త పెట్టె మాత్రం కొనను.