టొలెడోనా, సెగోవియానా: మాడ్రిడ్ పక్క కొండ ఊళ్లలో ఏది మేలు?

మాడ్రిడ్‌లో ఒక్కరోజు ఖాళీ దొరికిందంటే ఈ ప్రశ్న రాక తప్పదు. దక్షిణాన టొలెడో, వాయవ్యాన గ్వాదర్రామా కొండలు దాటితే సెగోవియా. రెండూ మిట్ట మీది ఊళ్లే. రెండింటికీ హైస్పీడ్ రైల్లో అరగంటే. రెండింట్లోనూ అల్కాసర్ అనే కోట, పెద్ద కేథడ్రల్ ఉన్నాయి. యునెస్కో కూడా ఏడాది తేడాతో ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించింది: సెగోవియాను 1985లో, టొలెడోను 1986లో. ఇంత దగ్గరి పోలికలున్నాయి కాబట్టే మనవాళ్లు నాణెం ఎగరేసి వెళ్లిపోతుంటారు. చూసి రావడానికైతే అలా చేసినా పెద్ద నష్టం లేదు. మాడ్రిడ్ అద్దెలకు బెదిరి ఈ ఊళ్లలోనే ఇల్లు తీసుకుందామనుకునేవాళ్లు మాత్రం కాస్త ఆగాలి.

చూడటానికైతే నా ఓటు టొలెడోకే. తాహో నది మూడు వైపులా లోతైన లోయలో చుట్టి పోతుంది కాబట్టి ఊరు పక్కలకి పెరిగే వీల్లేక, తరతరాల కట్టడాలన్నీ ఒక్క కొండ మీదే ఇరుక్కున్నాయి. సాంతా మరియా లా బ్లాంకానే తీసుకోండి. పేరు చర్చిది, కట్టింది యూదులు తమ ప్రార్థనామందిరంగా, లోపలేమో తెల్లటి స్తంభాల మీద గుర్రపు నాడా ఆకారంలో అరబ్బు పద్ధతి కమానులు. 1561లో స్పెయిన్ రాజు రెండో ఫెలిపే తన కొలువును మాడ్రిడ్‌కు ఎత్తేశాక టొలెడో వెనకబడిపోయింది. అలా వెనకబడటమే మంచిదైంది, పాత ఊరు పెద్దగా చెడిపోకుండా మిగిలింది.

కేథడ్రల్‌కు టికెట్టుంది, అయినా మానొద్దు. 1226లో మొదలుపెట్టి 1493లో ముగించారు. మీరు చూడాల్సింది ప్రధాన వేదిక వెనకాల ఉంది. ట్రాన్స్‌పరెంతే అంటారు. అక్కడ వెలుతురు చాలడం లేదని పద్దెనిమిదో శతాబ్దంలో నార్సీసో తోమే అనే శిల్పి పైకప్పుకే కన్నం పెట్టించాడు. ఎండ బాగా ఉన్న పూట వెళ్తే ఆ కన్నంలోంచి వెలుగు చలువరాతి దేవదూతల మీద పడుతుంటుంది. తలెత్తి చూస్తే కన్నం అంచుల్లో కూడా బొమ్మలే. చిత్రకారుడు ఎల్ గ్రెకో 1577లో ఈ ఊరొచ్చి, 1614లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన గీసిన ఆర్గాస్ ప్రభువు అంత్యక్రియల చిత్రం సాంతో తోమే చర్చి కోసం గీసింది, నేటికీ అక్కడే ఉంది.

ఒక్క చిక్కుంది. మధ్యాహ్నం టూరు బస్సుల జనం సొకొదొవేర్ కూడలిని, కత్తుల దుకాణాలున్న సందులను నింపేస్తారు. అప్పుడు ఎవరి భుజాలో చూస్తూ నడవడమే. ఒక రాత్రి ఉండగలిగితే అసలు ఊరు సాయంత్రం తర్వాత కనిపిస్తుంది. వారాంతమైతే రైలు టికెట్లు ముందే తీసుకోండి, చివరి నిమిషంలో దొరక్కపోవచ్చు.

మరి సెగోవియా? అమ్మానాన్నలతో వెళ్తుంటే అదే మేలు. ఊరికి నీళ్లు తెచ్చిన పాత కాలువ వంతెన దగ్గర మొదలుపెడితే ప్లాసా మయోర్ అనే పెద్ద కూడలి మీదుగా అల్కాసర్ దాకా దాదాపు ఒకే దారి. మెల్లగా ఎక్కుతుంది, కూర్చోడానికి చోట్లుంటాయి. టొలెడోలో అలా కాదు, రాళ్లు పరిచిన సందులు ఎక్కుతాయి, దిగుతాయి, మళ్లీ ఎక్కుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నరకం. రోమన్లు కట్టిన ఆ కాలువ వంతెన ఎత్తు 28 మీటర్ల పైమాటే. రాళ్ల మధ్య సున్నం గానీ గచ్చు గానీ లేదు, రాళ్ల బరువు మీదే నిలబడింది. దగ్గరికెళ్తే రాళ్లకు చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. పైకి లాగేటప్పుడు ఇనుప పట్టకారు పట్టిన చోట్లవి. సగం రోజులో ఊరంతా అయిపోతుంది. భోజనం దగ్గర శాకాహారులకు సెగోవియాలో కాస్త కష్టమే, అక్కడ గొప్పగా చెప్పేది కాల్చిన పంది పిల్ల. టొలెడోలో కనీసం బాదం, పంచదారలతో చేసే మార్జిపాన్‌తో నోరు తీపి చేసుకోవచ్చు.

ఇక ఉండటం. రోజూ మాడ్రిడ్‌లో ఆఫీసుకి వెళ్లాల్సినవాళ్లకి టొలెడోనే నయం. దానికి కారణం కోటలూ చర్చిలూ కాదు, స్టేషన్. టొలెడో స్టేషన్ నది అవతల ఊరిని ఆనుకునే ఉంది. గియోమార్ అనే సెగోవియా హైస్పీడ్ స్టేషన్ మాత్రం ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరంలో, పొలాల మధ్య ఉంది. రైలు అరగంటే అయినా, సిటీ బస్సు కోసం ఎదురుచూపు, దానిలో ప్రయాణం, మాడ్రిడ్‌లో మెట్రో కలిపితే ఆ అరగంట కాస్తా ఎక్కడికో పోతుంది. మీ ఆఫీసు ఎటువైపో కూడా చూసుకోండి. టొలెడో రైళ్లు మాడ్రిడ్‌లోని అటోచా స్టేషన్‌కి, సెగోవియావి ఉత్తరాన ఉన్న చమార్తిన్ స్టేషన్‌కి వెళ్తాయి.

అయితే టొలెడోలో పాత కొండ మీద ఇల్లు తీసుకోవద్దనే చెప్తాను. ఊళ్లో ఎనభై వేలకు పైగా జనం ఉంటే కొండ మీద ఉండేది అందులో చిన్న వంతే, మిగతావాళ్లు ఎప్పుడో కిందికి దిగిపోయారు. కార్ల మీద ఆంక్షలు, ఫ్రిజ్ మార్చాలన్నా తంటా, పక్క ఫ్లాట్‌లో వారానికో కొత్త టూరిస్టు. 2000లో రెకారెదో వైపు 36 మీటర్ల ఎత్తుకు ఎస్కలేటర్లు పెట్టారు, బాగున్నాయి. కానీ అవి దింపిన చోటు నుంచి మీ గుమ్మం దాకా సంచులు మోసేది మీరే. స్టేషన్ పక్కనే ఉన్న సాంతా బార్బరా పేటలో ఇల్లు తీసుకుని, కొండకి సాయంత్రాలు వెళ్లి రండి. అల్కాసర్ పై అంతస్తుల్లో ప్రాంతీయ గ్రంథాలయం ఉంది. అంత చారిత్రక కోటలో పుస్తకం పట్టుకుని కూర్చోడానికి పైసా కట్టనక్కర్లేదు. ఇది టూరిస్టులకు పెద్దగా తెలియని సుఖం.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకీ, సెగోవియాలోని ప్రైవేటు యూనివర్సిటీలో చదువుకొచ్చినవాళ్లకీ లెక్క తిరగబడుతుంది. సెగోవియా వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. టొలెడోలో జూలై మధ్యాహ్నం నలభై డిగ్రీలకు చేరువై, రాత్రి కూడా గోడలు వేడి కక్కుతుంటే, సెగోవియాలో రాత్రిపూట పల్చటి స్వెటర్ తీసుకుంటారు. దానికి తగ్గట్టే శీతాకాలం గట్టిది, హీటింగ్ బిల్లు అద్దెతో పాటే వేసుకోవాలి. అందుకని ఇల్లు చూడటానికి వసంతంలో వెళ్లకండి, ఆ నెలల్లో రెండు ఊళ్లూ బాగానే ఉంటాయి. వీలైతే టొలెడో ఇల్లు వేసవి మధ్యాహ్నం, సెగోవియా ఇల్లు జనవరి పొద్దున చూడండి. కిటికీలు డబుల్ గ్లాసా కాదా, హీటింగ్ ఎవరి ఖర్చు అన్నది సంతకానికి ముందే అడగండి.