చారిటీ దుకాణంలో పాతవా, ఔట్‌లెట్‌లో చవక కొత్తవా: బెంగళూరులో ఏది మేలు?

బెంగళూరులో కాపురముంటున్న తెలుగువాళ్లు కొన్ని నెలలుగా నన్ను ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఇంటి ఖర్చు ఇంతగా పెరిగాక బట్టలు, చిల్లర సామాను చారిటీ దుకాణంలో వాడినవి కొనుక్కోవటం మేలా, లేక మారతహళ్లి ఔట్‌లెట్లలో తక్కువ ధరకు దొరికే కొత్తవి కొనుక్కోవటం మేలా? ఈ ప్రశ్నలో న్యాయముంది. 2025 జనవరిలో సిటీ బస్సు ఛార్జీలు 15 శాతం పెరిగాయి. ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 రూపాయల నుంచి 90కి చేరింది. ఏప్రిల్ 1 నుంచి నందిని పాలు లీటరుకు 4 రూపాయలు పెరిగాయి. అద్దెల సంగతి, స్కూలు ఫీజుల సంగతి ఈ ఊళ్లో ఉండేవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పాలు, ప్రయాణం, అద్దె మన చేతిలో లేనివి కాబట్టి, తగ్గించుకోగల ఖర్చు ఏదని వెతికితే ముందుగా బట్టలే కనిపిస్తాయి.

రెండేళ్లుగా మా నలుగురికీ నేను రెండు చోట్లా కొంటున్నాను. ఇక ఒక పద్ధతి పెట్టుకుందామని ఈ మధ్య బీరువాలో ఉన్నవన్నీ మంచం మీద పరిచి, ఏది ఎక్కడ కొన్నానో, ఎంత పెట్టానో, ఎన్నిసార్లు వేసుకున్నామో గుర్తున్నంతవరకు నోటుపుస్తకంలో రాసుకున్నాను. కింద చెప్పబోయేదంతా ఆ లెక్కలోంచి వచ్చినదే.

చారిటీ దుకాణమంటే నా ఉద్దేశం, ఒక సేవాసంస్థ దాతల దగ్గర వాడిన వస్తువులు తీసుకుని, స్వచ్ఛందంగా వచ్చి పనిచేసేవారి చేత మంచీ చెడూ వేరు చేయించి, ధర చీటీ కట్టి అమ్మి, వచ్చిన డబ్బును తన సేవాకార్యక్రమానికి వాడుకునే చోటు. ఇక ఔట్‌లెట్లు ఈ ఊరికి సహజంగా వచ్చినవే. పీణ్య, బొమ్మనహళ్లి, మైసూరు రోడ్డు వైపున్న గార్మెంట్ ఫ్యాక్టరీలలో విదేశీ ఆర్డర్లకు కుట్టగా మిగిలినవి, చిన్న లోపాలతో వెనక్కి పెట్టినవి అమ్ముకోవటానికి ఏదో ఒక దారి కావాలి కదా. అయితే బోర్డు మీద ‘ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్’ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నవన్నీ ఎగుమతి సరుకేనని నమ్మకూడదు. అదే ధరకు అమ్మటానికని విడిగా కుట్టించిన నాసిరకం బట్ట కూడా అదే హ్యాంగరుకు వేలాడుతూ ఉంటుంది.

ధర మాటకు వస్తే, నేను వెళ్లే చారిటీ దుకాణంలో మగవాళ్ల చొక్కా 100 నుంచి 200 రూపాయలు, పిల్లల గౌను 60, 80 రూపాయలు. ఔట్‌లెట్‌లో అలాంటివే 350 నుంచి 600 దాకా ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల వరకు ధర ఉన్న దుస్తులకు జీఎస్టీ 5 శాతమే అయినప్పటికీ, వెయ్యి రూపాయల వరకు ఉన్నవాటికి అంతకుముందు కూడా 5 శాతమే కాబట్టి, మనం వెతికే చవక రకానికి ఆ తగ్గింపు వల్ల ఒరిగిందేమీ లేదు. మరోవైపు చారిటీ దుకాణం కూడా అద్దె, కరెంటు బిల్లు కట్టుకోవలసినదే. రెండేళ్ల కిందట అక్కడ 80 రూపాయలకు తెచ్చిన రకం చొక్కాకు ఇప్పుడు 130 చీటీ ఉంది. దానికి తోడు, ఖర్చులు పెరిగినప్పుడు ఇచ్చేవాళ్లు కూడా తమ బట్టలను మరో ఏడాది వాడుకున్నాకే ఇస్తారు. అందువల్ల ‘పాతది కాబట్టి చవక’ అన్న ఒక్క కారణం మీద నిర్ణయించుకునేవాళ్లు రెండు వైపులా మోసపోయే అవకాశం ఉంది.

నా దృష్టిలో తేల్చవలసింది ధర కాదు, ఆ బట్టకు ఇంకా ఎంత ఆయుష్షు మిగిలి ఉందన్నది. ఈ విషయంలో వాడిన బట్టకు ఉన్న గొప్ప సుగుణం, అది తన గుణాన్ని దాచుకోలేకపోవటం. చవకరకం కొత్త నూలు బట్టకు గంజి దట్టంగా పట్టించి ఉంటారు కాబట్టి దుకాణంలో పట్టుకుంటే బరువుగా, పొందికగా అనిపిస్తుంది. నాలుగు ఉతుకులకు ఆ గంజి పోయాక గానీ నేత ఎంత పల్చనో బయటపడదు. రంగు ఎంత దిగుతుందో, కొలత ఎంత ముడుచుకుంటుందో, కుట్టు ఎన్నాళ్లు నిలుస్తుందో ఇంటికి తెచ్చి ఉతుక్కుంటే తప్ప తెలియదు. వాడిన బట్ట విషయంలో ఆ పరీక్షలన్నీ మరొకరి ఇంట్లో, మరొకరి ఖర్చుతో అయిపోయాయి. దిగవలసిన రంగు దిగింది, ముడుచుకోవలసినంత ముడుచుకుంది, అయినా కుట్టు చెదరలేదంటే ఆ నూలూ ఆ చేయీ మంచివని అర్థం.

కిందటేడు దసరాకు ఒక ఔట్‌లెట్‌లో 449 రూపాయలు పెట్టి ముదురు నీలం కుర్తా తీసుకున్నాను. మొదటిసారి నానబెట్టినప్పుడే బకెట్టులో నీళ్లు సిరాలా మారాయి. మూడో ఉతుకుకు పక్క కుట్టు మెలితిరిగి పొట్ట మీదికి వచ్చింది. తొమ్మిదిసార్లు వేసుకున్నాక అది వంటింటి తుడుపు గుడ్డ అయింది. అంటే వేసుకున్న ప్రతిసారీ దాదాపు 50 రూపాయలు ఖర్చయిందన్నమాట. ఆ నెలలోనే చారిటీ దుకాణంలో 130 రూపాయలకు కొన్న గళ్ల చొక్కాను మా వారు ఏడాదిగా వారానికొకసారి ఆఫీసుకు వేసుకుంటున్నారు. యాభై సార్లకు లెక్కగడితే ఒక్కోసారికి 2 రూపాయల 60 పైసలు, పైగా చొక్కా ఇంకా గట్టిగానే ఉంది. అన్నీ ఇలాగే కుదురుతాయని చెప్పను. అదే దుకాణంలో 150 రూపాయలకు తెచ్చిన ప్యాంటు రెండోసారి వేసుకున్నప్పుడు వెనక కుట్టు దగ్గర బట్టే చిరిగింది. తప్పు నాదే, ఆ రోజు తొందరలో వెలుగుకు పట్టి చూడకుండా తెచ్చాను.

చూడవలసిన తీరు ఇది. గుండీలూ జిప్పూ తరువాత చూడవచ్చు, ముందు బట్టను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి వెలుగుకు ఎత్తి పట్టాలి. మోచేతులు, కాలరు మడత, చంకలు, ప్యాంటు అయితే తొడల మధ్య, నేత పల్చబడి వెలుగు ఎక్కువగా వచ్చే చోట్లు ఉంటే దాన్ని అక్కడే వదిలేయాలి. ఆ తరువాత తిరగేసి, కుట్టు లోపల దాగి ఉన్న అంచు రంగును పై రంగుతో పోల్చాలి. లోపలి అంచుకు ఎండా సబ్బూ అంతగా తగలవు కాబట్టి, ఆ రెండింటి మధ్య ఎంత తేడా ఉంటే అంత వాడకం జరిగిందన్నమాట. మెడ దగ్గరి లేబుల్ మీద అక్షరాలు చెరిగిపోయి ఉన్నా అదే సంగతి. చివరగా వాసన చూడాలి. కలరా ఉండల వాసన నాలుగు రోజులు గాలికి ఆరవేస్తే పోతుంది కాబట్టి దానికి భయపడనక్కరలేదు, పైగా ఎవరో జాగ్రత్తగా దాచుకున్నారనటానికి అది గుర్తు. ముక్కిన వాసనతో పాటు నల్లటి బూజు చుక్కలు కనిపిస్తే మాత్రం ఎంత ఉతికినా ఆ మచ్చలు సాధారణంగా పోవు.

పట్టుచీర విషయంలో ఈ జాగ్రత్త నాకు ఆ దుకాణంలోనే తెలిసింది. మెరున్ రంగు చీర ఒకటి చేతిలోకి తీసుకుని అంచు చూసి మురిసిపోతుంటే, అక్కడ స్వచ్ఛందంగా పనిచేసే చిత్తూరు పెద్దావిడ ఒకరు, “అట్లా పైపైన చూస్తే కాదమ్మా, మడత మీద చూడు” అని చీరను బల్ల మీద పూర్తిగా విప్పారు. ఏళ్ల తరబడి ఒకే మడతలో పెట్టిన పట్టు ఆ గీత వెంబడే చీలుతుంది. ఆవిడ రెండు బొటనవేళ్లతో మడతకు అటూ ఇటూ మెల్లగా లాగి చూపించగానే, కుచ్చిళ్లు వచ్చే చోట వేలెడు పొడవున దారాలు విడిపోయాయి. అమ్మవలసిన ఆవిడే “ఇది వద్దులే తల్లీ” అని పక్కన పెట్టేశారు. బిల్లు చేతికిచ్చి ‘మార్పిడి లేదు’ అనే చోట ఈ మాట నేను ఎప్పుడూ వినలేదు.

ఇక మా అమ్మ అభ్యంతరం చాలామంది ఇళ్లలో వినిపించేదే. హిందూపురం నుంచి వచ్చినప్పుడు సంచి చూసి, “ఎవరు కట్టి విడిచినవో ఏమో, ఇంట్లోకి ఎందుకే తెస్తావు?” అంది. నేను పుట్టినప్పుడు పురుడు తీరేదాకా నాకు చుట్టింది మా అవ్వ పాత చీర ముక్కలేనని అమ్మే ఎన్నోసార్లు చెప్పింది. మెత్తగా ఉంటుందని, ఉతికి ఉతికి నమ్మకం కుదిరిన బట్ట అని పసిబిడ్డకు పాతదే కడతాం. అది మన ఇంటి బట్ట, ఇది పరాయి ఇంటిదన్నది నిజమే. ఆ తేడాను వేడినీళ్లతో, ఎండతో తీర్చుకోవాలి. తెచ్చిన సంచిని మంచం మీదో సోఫా మీదో పెట్టకుండా మూతి కట్టి బాల్కనీలో ఉంచి, నూలువైతే కాగే నీళ్లలో సబ్బు వేసి గంటసేపు నానబెట్టి, తిరగేసి ఎండలో ఆరవేస్తే చాలు. నల్లులు, వాటి గుడ్లు 50 డిగ్రీలు దాటిన వేడికి చచ్చిపోతాయి. ఈ పని చేయటానికి ఓపిక లేనివాళ్లు కొత్తవే కొనుక్కోవటం మంచిది.

నాలుగు డబ్బులున్న మనం అక్కడికి వెళ్తే పేదవాళ్లకు అందవలసినది లాక్కున్నట్లు కాదా అని కూడా కొందరు అడిగారు. ఈ ప్రశ్న నన్ను చాలాకాలం బాధపెట్టింది. ఈ రకం దుకాణాలకు మూలమైన ఆలోచనను చూస్తే కొంత స్పష్టత వస్తుంది. 1902లో అమెరికాలోని బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాస్టరు గుడ్‌విల్ సంస్థను మొదలుపెట్టినప్పుడు, ఉన్నవాళ్ల దగ్గర పాత సామాను సేకరించి, పనిలేని పేదల చేత బాగుచేయించి, అమ్మి, ఆ డబ్బును వాళ్లకు కూలిగా ఇచ్చారు. అమ్మకం జరిగితేనే ఆ కూలి. మన దేశంలో బట్టనే నేరుగా అవసరమున్నవాళ్లకు చేర్చే దారి వేరే ఉంది. 1999లో అంశు గుప్తా స్థాపించిన గూంజ్ సంస్థ, నగరాల్లో సేకరించిన బట్టలను ఊళ్లలో బావి తవ్వటం, దారి వేసుకోవటం వంటి పనులకు ప్రతిఫలంగా ఇస్తుంది. ఆ కృషికే ఆయనకు 2015లో మెగసెసే పురస్కారం వచ్చింది. కాబట్టి అమ్మకానికి పెట్టిన చొక్కాను మనం కొంటే సేవకు డబ్బు అందుతుంది, ఎవరూ కొనకపోతే అది చివరకు చిరుగుగుడ్డల మూటలో చేరుతుంది. అలాంటి మూటలను పీకి మళ్లీ దారం తీసి దుప్పట్లు నేసే మిల్లులు పానిపట్‌లో ఉన్నాయి. అయినా నాకు నేను ఒక హద్దు పెట్టుకున్నాను. దుప్పట్లు, పిల్లల స్వెట్టర్లు నేను అక్కడ కొనను. డిసెంబరు చలిలో ఆ దుకాణానికి వచ్చే ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, సెక్యూరిటీ గార్డులు ముందుగా వెతికేవి అవే. ఆన్‌లైన్‌లో తిరిగి అమ్ముకోవటానికి మంచివన్నీ ఏరుకుపోయేవాళ్లను చూసినప్పుడు మాత్రం మనసు నొచ్చుకుంటుంది.

ఔట్‌లెటే మేలైన చోట్లు ఉన్నాయి. లోదుస్తులు, మేజోళ్లు కొత్తవే కొనాలి. ఎలాస్టిక్ ఉన్న పైజామాలు, లెగ్గింగ్‌లు కూడా అంతే, రబ్బరు వాడినా వాడకపోయినా కాలంతో పాటు సాగి చచ్చుబడుతుంది. బూట్లూ అంతే, కొన్నిటి అడుగుభాగం బీరువాలో ఊరికే ఉన్నా తేమకు పొడిపొడిగా రాలిపోతుంది. ఒకే రంగు, ఒకే కొలతలో మూడు జతలు కావాలన్నా, రేపటికే కావాలన్నా చారిటీ దుకాణం పనికిరాదు. సామానులో స్టీలు గిన్నెలు, గాజు సీసాలు, పుస్తకాలు, చెక్క బొమ్మలు నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. హెల్మెట్, ప్రెషర్ కుక్కర్ మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. లోపలి దెబ్బ కంటికి కనిపించదు, ప్రాణంతో పని.

ఓఎల్‌ఎక్స్, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులు మంచాలకూ సైకిళ్లకూ బాగానే ఉంటాయి, బట్టలకు కాదు. 199 రూపాయల ఆన్‌లైన్ కుర్తీలను చేత్తో పట్టి చూడలేం కాబట్టి నేను లెక్కలోకే తీసుకోలేదు.

ప్రయాణాన్ని కూడా లెక్కగట్టాలి. ఆధార్‌లో కర్ణాటక చిరునామా ఉన్న ఆడవాళ్లకు 2023 జూన్ నుంచి మామూలు సిటీ బస్సు ఉచితం కాబట్టి నాకు కె.ఆర్.పురం నుంచి రానూపోనూ ఖర్చు లేదు. ఆటోలో వెళ్లి ఒక్క చొక్కా తెచ్చుకునేవాళ్లకు ఆ చొక్కా ఔట్‌లెట్ ధరే పడుతుంది. అందుకని నేను నెలకొకసారి, కావలసినవాటి చీటీ, పిల్లల కొలతలు, ఒక టేపు సంచిలో వేసుకుని వెళ్తాను. మూడు వంతుల బట్టలు అక్కడే దొరుకుతున్నాయి, మిగిలినవాటికి ఏడాదికి రెండుసార్లు మారతహళ్లి వెళ్తున్నాను. ఉగాదికి ముందు ఇళ్లు సర్దుకునేటప్పుడు, మే నెలాఖరులో ఇళ్లు మారేవాళ్లు బీరువాలు ఖాళీ చేసేటప్పుడు దుకాణానికి మంచి సరుకు వస్తుంది. అలా వచ్చినది వేరుచేసి హ్యాంగర్లకు ఎక్కించటానికి వాళ్లకు వారం పది రోజులు పడుతుంది కాబట్టి, జూన్ రెండో వారంలో, వారం మధ్యలో, పొద్దున దుకాణం తెరిచే వేళకు వెళ్లి చూడండి.