మార్టినీ-హెన్రీ మార్క్ 2: పన్నెండేళ్లు వాడాక

తుపాకీ మొండిది, తంటా అంతా తూటాతోనే. బ్రిటిష్ సైన్యం 1871లో తీసుకున్న ఒంటి తూటా రైఫిల్ ఇది. మార్క్ 2 రకం 1877లో వచ్చింది. కాఠ్మండూలోని పాత ఆయుధాగారం సరుకు 2003లో అమెరికా చేరాక అందరికీ అందుబాటులోకొచ్చింది.

కొనేటప్పుడు మెరుపు కాదు, ముద్రలు చూడాలి. రిసీవర్ (యంత్రభాగాలుండే లోహపు పెట్టె) కుడివైపు కిరీటం, వి.ఆర్. (విక్టోరియా రెజీనా, అంటే విక్టోరియా రాణి), తయారైన చోటు, ఏడాది, మార్క్ ఉంటాయి. విక్టోరియా రాణి 1901లో పోయింది. వి.ఆర్. కింద 1905 అని కనబడితే అది పాకిస్తాన్-అఫ్గానిస్తాన్ సరిహద్దులోని ఖైబర్ కనుమ వైపు చేత్తో చేసిన నకలే. ఇంగ్లిష్ ఎన్ అక్షరం తిరగబడినా, ఎన్‌ఫీల్డ్ (బ్రిటిష్ ప్రభుత్వ తుపాకుల కర్మాగారం) స్పెల్లింగ్ తప్పినా అదే బాపతు. అలాంటిది గోడకు తగిలించుకోండి, పేల్చొద్దు.

నేపాల్ సరుకు మీద దేవనాగరి అంకెలుంటాయి. గ్రీజు ముదురు పాకంలా గట్టిపడి ఉంటుంది. కిరసనాయిలు, బ్రష్షు, ఓపిక చాలు. బట్‌కి (భుజానికానించే చెక్కకు) గరుకు కాగితం మాత్రం పట్టొద్దు, ముద్ర పోతే విలువా పోతుంది. బ్లాక్ (తూటా వెనక మూసే దిమ్మ) పిన్ను ఊడదీయాలంటే దాని చీలిక కొసను ప్లయర్‌తో కాస్త దగ్గరకు నొక్కి, ఇత్తడి పంచ్‌తో తట్టాలి. ఉక్కు పంచ్‌తో బాదితే కొస పూలా విచ్చుకుంటుంది, తర్వాత అది రంధ్రంలో దూరదు.

ఇక తూటా. ఈ రైఫిల్ తూటా పేరు 577/450. దాని తొలిరకం తొడుగు పల్చటి ఇత్తడి రేకు చుట్టింది, అడుగు ఇనుముది. వేడికి, మసికి రేకు లోపలే అతుక్కుని, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తొడుగును బయటికి లాగే కొక్కెం) అడుగునొక్కదాన్ని పీక్కొచ్చేది. సూడాన్ ఇసుకలో సైనికులు పడ్డ అవస్థ అదే. తర్వాతి రకం మార్క్ 4కి పొడుగు లివర్ (బ్లాక్‌ను తెరిచే మీట) పెట్టిందీ అందుకే. ఇప్పుడు 24 గేజ్ ఇత్తడి షాట్‌గన్ తొడుగులను డైలో (ఉక్కు అచ్చులో) నొక్కి చేసుకుంటున్నారు. మెడ భాగాన్ని కాల్చి మెత్తబరచకపోతే నిలువునా చీలుతుంది.

పేరులో 450 ఉంది కదా అని 0.458 అంగుళాల బుల్లెట్లు కొన్నారా, డబ్బు దండగ. మెత్తటి సీసాన్ని బ్యారెల్‌లో నడిపి గాడులు కొలవండి: 0.464 నుంచి 0.470 అంగుళాల దాకా, ఏ తుపాకీది దానిదే. సైన్యం కొలత 85 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు) నల్లమందు, 480 గ్రెయిన్ల బుల్లెట్. నేటి తొడుగు గోడ మందం, అంత మందు పట్టదు. తగ్గించండి, కానీ మందుకీ బుల్లెట్‌కీ మధ్య ఖాళీ వదలొద్దు. పొగరాని మందు (నేటి తూటాల్లో వాడేది) జోలికే పోవద్దు. పేల్చిన రోజే మరిగిన నీళ్లు పోసి, ఆరబెట్టి, నూనె రాయాలి. మసిలోని లవణాలు తేమను పీల్చి తెల్లారేసరికి తుప్పు పట్టిస్తాయి.

అమెరికా ఫెడరల్ చట్టంలో 1898 చివరిదాకా తయారైనది యాంటిక్, అంటే మామూలు తుపాకీ లెక్కలోకి రాని పాతది. మన దేశంలో అలా కాదు: బాగుచేసినా పేలదన్నంత పాడైతే తప్ప, ఎంత పాతదైనా లైసెన్స్ కావాల్సిందే.