ఓడుతున్న కోచ్‌కి ఎన్నేళ్లు ఇవ్వాలి? పూర్తి ఓపికా, వెంటనే మార్పా, షరతుల మీద ఇంకో ఏడాదా: ఏది మేలు?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఓడుతున్న కోచ్‌ను వెనకేసుకొచ్చేవాళ్ల నోట ముందుగా వచ్చే పేరు డ్యూక్ కోచ్ మైక్ షషెఫ్‌స్కీ. 1980లో వచ్చాడు. రెండో సీజన్‌లో 10 గెలిచి 17 ఓడాడు, మూడో సీజన్ 11-17. 1983లో ఏసీసీ (డ్యూక్ ఆడే కాన్ఫరెన్స్, అంటే తమలో తాము ఏటా ఆడుకునే కాలేజీల కూటమి) టోర్నమెంటులో వర్జీనియా చేతిలో 109-66తో చిత్తయ్యాడు. కాలేజీ క్రీడలకు డబ్బిచ్చే దాతలు తీసెయ్యమన్నారు. కాలేజీ క్రీడా విభాగాన్ని నడిపే అథ్లెటిక్ డైరెక్టర్ టామ్ బటర్స్ తియ్యకపోగా, మరుసటి జనవరిలో కాంట్రాక్టు పొడిగించాడు. 1986కల్లా ఆ జట్టు 37-3తో ఫైనల్ ఆడింది. ఆ తర్వాత అదే కోచ్ ఐదు జాతీయ టైటిళ్లు తెచ్చాడు.

తీసెయ్యమనేవాళ్లు లూయివిల్‌ను చూపిస్తారు. కెన్నీ పేన్ రెండేళ్ల లెక్క 12-52. 2024 మార్చిలో సాగనంపారు. పాట్ కెల్సీ వచ్చి దాదాపు జట్టు మొత్తాన్నీ కొత్తగా కూర్చి, మొదటి ఏడాదే 27-8 చేశాడు. ఏసీసీలో 18-2.

రెండూ నిజంగా జరిగినవే. కానీ మీ జట్టు సంగతి తేల్చడానికి ఈ రెండిట్లో ఏదీ నేరుగా పనికిరాదు. ఎందుకో చెప్పాలంటే ముందు నియమాల దగ్గరికి వెళ్లాలి.

పాత ఓపిక దేని మీద నిలబడింది

1982లో డ్యూక్‌లో ఫ్రెష్‌మెన్‌గా (మొదటి ఏడాది విద్యార్థులుగా) చేరినవాళ్లలో జానీ డాకిన్స్, మార్క్ అలారీ, జే బిలాస్, డేవిడ్ హెండర్సన్ ఉన్నారు. 11-17 సీజన్‌లో దెబ్బలు తిన్నది ఆ కుర్రాళ్లే, 37-3 సీజన్‌లో సీనియర్లుగా ఆడిందీ వాళ్లే. మధ్యలో వేరే కాలేజీకి పోవాలంటే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి కాబట్టి అంత తేలిగ్గా ఎవరూ కదిలేవాళ్లు కాదు. "ఈ పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా ఆగుదాం" అన్న మాటకు అప్పట్లో అర్థం ఉంది.

2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా. 2021లో ఒకసారి మారితే కూర్చోనక్కర్లేదన్నారు. అదే ఏడాది జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. 2024లో ఎన్నిసార్లు మారినా అడ్డు లేదన్నారు. 2025-26 నుంచి ఒక్కో విశ్వవిద్యాలయం తన క్రీడాకారులకు నేరుగా డబ్బు పంచవచ్చు, ఆ ఏడాది పరిమితి అందరికీ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఈ ఏడాది మీ జట్టులో మెరిసిన ఫ్రెష్‌మన్ వచ్చే ఏడాది మీ ప్రత్యర్థి జెర్సీలో కనిపించవచ్చు.

అంటే ఓపిక పట్టడానికున్న పాత కారణం పోయింది. కోచ్ "నా కుర్రాళ్లు ఇంకా ఎదగాలి" అని నాలుగేళ్లు అడిగితే ఇప్పుడు నమ్మనక్కర్లేదు. అలాగని కోచ్‌ను మారిస్తే చాలు, లూయివిల్ అయిపోతామన్నదీ భ్రమే. ఆ ఒక్క ఏడాది మార్పు వెనక పెద్ద అభిమాన గణం ఉంది, బోలెడు డబ్బుంది, మంచి ఆటగాళ్లను వెంటనే రప్పించగల పేరుంది. ఈ మూడూ లేని చోట కొత్త కోచ్ కూడా పాత కోచ్ దిగిన బావిలోకే దిగుతాడు.

మొదటి దారి: నాలుగైదేళ్ల ఓపిక

దీనికి అచ్చమైన ఉదాహరణ డ్యూక్ కాదు, బేలర్. 2003లో ఒక ఆటగాడి హత్య, దాని వెంట బయటపడ్డ డబ్బు అక్రమాలతో ఆ జట్టు కుప్పకూలింది. ఆగస్టులో స్కాట్ డ్రూ వచ్చాడు. వరసగా 8-21, 9-19, 4-13, 15-16. ఆ 4-13 తక్కువ మ్యాచ్‌లలా కనిపించడానికి కారణముంది. శిక్షలో భాగంగా 2005-06లో కాన్ఫరెన్స్ బయటి మ్యాచ్‌లన్నీ నిషేధించారు. ఐదో ఏడాది 21-11తో ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల జాతీయ సంస్థ) మార్చిలో నడిపే జాతీయ టోర్నమెంటుకు వెళ్లారు. 2021లో అప్పటిదాకా ఓటమి ఎరగని గొంజాగాను 86-70తో కొట్టి టైటిల్ గెలిచారు. కాలు విరిచి పరుగెత్తమన్నాక పరుగు వేగం చూసి తీర్పు చెప్పడం అన్యాయం. శిక్షలో ఉన్న జట్టు కోచ్‌కి ఐదేళ్లు ఇవ్వాల్సిందే, దీంట్లో నాకు రెండో మాట లేదు.

యూకాన్ (కనెక్టికట్ విశ్వవిద్యాలయం)దీ ఇదే దారే కానీ కథ మెత్తనిది. డాన్ హర్లీ 2018లో వచ్చి మొదటి ఏడాది 16-17 చేశాడు. 2021, 2022లో వరసగా టోర్నమెంటు తొలి రౌండ్‌లోనే ఓడితే గొణుగుడు మొదలైంది. 2023, 2024 టైటిళ్లు రెండూ వాళ్లవే. ఇక్కడ ఓపిక తేలిక, ఎందుకంటే జట్టు అప్పటికే ఏటేటా మెరుగవుతోంది. లోటల్లా మార్చి టోర్నమెంటులోనే.

ఓపిక వికటిస్తే ఎలా ఉంటుందో జార్జ్‌టౌన్‌లో చూడొచ్చు. అక్కడ ఆటగాడిగా ఎనలేని పేరు తెచ్చుకున్న ప్యాట్రిక్ యూయింగ్ 2017లో కోచ్‌గా వచ్చాడు. 2021 మార్చిలో ఒక మామూలు జట్టుతో నాలుగు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు గెలిచి తమ కాన్ఫరెన్స్ బిగ్ ఈస్ట్ టోర్నమెంటు పట్టాడు. వాపును బలుపనుకున్నారు. ఆ వెంటనే ఎన్‌సీఏఏలో కొలరాడో చేతిలో 96-73తో ఓడిన సంగతి పండగలో కొట్టుకుపోయింది. మరుసటి సీజన్ 6-25, కాన్ఫరెన్స్‌లో 0-19. అయినా ఉంచారు. ఆ తర్వాతది 7-25. 2023లో పంపించేసరికి మొత్తం లెక్క 75-109. కోచ్ మీద అభిమానాన్ని జట్టు మీద నమ్మకంగా పొరబడితే పట్టే గతి ఇదే.

రెండో దారి: రెండేళ్లకే మార్పు

లూయివిల్ నిర్ణయం తొందరపాటు ఎందుకు కాదో చూడండి. పేన్ మొదటి సీజన్ తొలి మూడు మ్యాచ్‌లూ ఒక్కొక్క పాయింట్ తేడాతో పోయాయి. అక్కడితో ఆగి ఉంటే దురదృష్టం అనుకోవచ్చు. కానీ ఓడింది బెల్లర్మిన్, రైట్ స్టేట్, అపలాచియన్ స్టేట్ లాంటి చిన్న జట్ల చేతుల్లో, అదీ సొంత కోర్టులో. కొద్ది రోజులకే టెక్సాస్ టెక్ చేతిలో 70-38. సీజన్ 4-28. రెండో సీజన్ మొదలవక ముందే, సన్నాహక మ్యాచ్‌లో డివిజన్ 2 (ఒక మెట్టు కింది స్థాయి) జట్టు కెంటకీ వెస్లియన్ చేతిలో ఓడారు. మొదటి ఏడాది తప్పులు రెండో ఏడాదిలో, అప్పటికే కొంత మారిన జట్టుతో కూడా, అలాగే మిగిలాయి. ఆటగాళ్లు మారినా తప్పు మారలేదంటే అది కోచింగ్ దగ్గర ఉన్నట్టు. అప్పుడు మూడో ఏడాది ఇవ్వడం దండగ.

మార్పుకయ్యే ఖర్చును అభిమానులు తక్కువగా లెక్కేస్తారు. కోచ్ జీతం ఏడాదికి 35 లక్షల డాలర్లు, కాంట్రాక్టు ఇంకా నాలుగేళ్లుంది, అందులో 70 శాతానికి హామీ ఉందనుకుందాం. బైఔట్, అంటే గడువు ముందే తీసేసినందుకు కోచ్‌కి కట్టాల్సిన సొమ్ము, 98 లక్షలు. తీసేసిన కోచ్ వేరే ఉద్యోగంలో చేరితే ఆ కొత్త జీతాన్ని ఇందులోంచి తగ్గించుకునే నిబంధన కాంట్రాక్టులో ఉందో లేదో చూడాలి, అది ఉంటే భారం సగమైనా తగ్గవచ్చు. దీనిమీద సహాయ కోచ్‌ల మిగిలిన జీతాలు. కొత్త కోచ్ పాత కాలేజీకి కట్టాల్సిన సొమ్ము. కోచ్ మారితే ఆటగాళ్లకు పోర్టల్‌లోకి వెళ్లే ప్రత్యేక వ్యవధి తెరుచుకుంటుంది కాబట్టి ఉన్నవాళ్లను నిలుపుకోవడానికో కొత్తవాళ్లను తెచ్చుకోవడానికో ఇంకా డబ్బు. బైఔట్ భరించేదీ, ఆటగాళ్లకిచ్చేదీ చాలా చోట్ల అదే పిడికెడు మంది దాతలు. ఒక జేబులోంచి తీసింది రెండో జేబులో తగ్గుతుంది.

ఇండియానా దీనికి పాఠం. 2008లో టామ్ క్రీన్ శిథిలాల్లో మొదలుపెట్టి 6-25, 10-21, 12-20 చేశాడు. అభిమానులు నిజంగా ఓపిక పట్టారు, నాలుగో ఏడాది 27-9 వచ్చింది. ఆ సీజన్‌లో నంబర్ వన్ కెంటకీని చివరి క్షణపు షాట్‌తో 73-72గా ఓడించారు. 2013, 2016ల్లో తమ కాన్ఫరెన్స్ బిగ్ టెన్ గెలిచారు. 2017లో 18-16 రాగానే తీసేశారు. తర్వాత వచ్చిన ఆర్చీ మిల్లర్ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా టోర్నమెంటు ఆడలేదు (2020లో అసలు టోర్నమెంటే జరగలేదు లెండి). 2021లో అతణ్ణి పంపడానికి దాతలు కోటి డాలర్లకు పైగా కట్టారు. కొత్తొక వింత పాతొక రోత అనుకున్నందుకు పడిన బిల్లు అది.

మూడో దారి: ఉంచుదాం, కానీ ఊరికే కాదు

నెబ్రాస్కాలో ఫ్రెడ్ హాయిబర్గ్ 2019లో వచ్చి 7-25, 7-20, 10-22 చేశాడు. మూడేళ్లకు 24-67. ఎవరైనా తీసేస్తారు. 2022 ఫిబ్రవరిలో అథ్లెటిక్ డైరెక్టర్ ట్రెవ్ ఆల్బర్ట్స్ ఉంచుతానన్నాడు, అయితే కోచ్ జీతం తగ్గించుకున్నాడు, బైఔట్ తగ్గింపుకూ ఒప్పుకున్నాడు, సహాయ కోచ్‌లలో మార్పులు జరిగాయి. తర్వాత 16-16, ఆపైన 23-11తో 2024లో ఎన్‌సీఏఏ టోర్నమెంటు.

ఈ బేరంలో తెలివంతా బైఔట్‌లోనే ఉంది. కోచ్‌కి ఇంకో ఏడాది దొరికింది, విశ్వవిద్యాలయానికి వచ్చే ఏడాది తీసెయ్యాల్సొస్తే తక్కువ ఖర్చుతో బయటపడే దారి దొరికింది. దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ఒకటుంది: ఒక్క మంచి సీజన్ రాగానే వేరేవాళ్లు ఎగరేసుకుపోతారని భయపడి ఆరేడేళ్ల హామీ కాంట్రాక్టు చేతిలో పెట్టడం. ఓపిక పట్టాలా వద్దా అన్న ప్రశ్నే తర్వాత మిగలదు, డబ్బు కట్టలేక పట్టాల్సొస్తుంది.

మీ జట్టు ఏ దారిలో ఉందో తేల్చుకోవడం

గెలుపు ఓటముల అంకెను ముందు పక్కన పెట్టండి. సీజన్ మొదట్లో, నవంబర్, డిసెంబర్‌లలో వచ్చే గెలుపుల్లో చాలా భాగం డబ్బిచ్చి పిలిపించుకున్న చిన్న జట్ల మీదే. టోర్నమెంటు ఎంపికకు వాడే నెట్ ర్యాంకింగ్‌లో ప్రత్యర్థుల్ని బలాన్ని బట్టి నాలుగు క్వాడ్‌లుగా విడదీస్తారు, క్వాడ్ 1 అన్నిటికన్నా గట్టిది, క్వాడ్ 4 అన్నిటికన్నా తేలికది. సొంత కోర్టులో 1 నుంచి 30 ర్యాంకు జట్టుతో, తటస్థ వేదికలో 1 నుంచి 50, బయట 1 నుంచి 75 ర్యాంకు జట్టుతో ఆడితే క్వాడ్ 1. క్వాడ్ 4 గెలుపులు తీసేసి చూస్తే 17-14 జట్టు ఒక్కోసారి 8-14గా తేలుతుంది.

తర్వాత కాన్ఫరెన్స్ మ్యాచ్‌లకే పరిమితమై, వంద పొసెషన్లకు (బంతి ఒక జట్టు చేతికొచ్చి అవతలి జట్టుకు పోయేదాకా ఒక పొసెషన్) వేసిన పాయింట్లూ ఇచ్చిన పాయింట్లూ చూడండి. పొసెషన్లు లెక్కకట్టడం కష్టం కాదు. వేసిన షాట్లలోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు (తమ షాట్ తప్పాక తామే తిరిగి పట్టిన బంతులు) తీసేసి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే పోగొట్టుకున్న బంతులు) కలిపి, ఫ్రీ త్రోలను (ఫౌల్‌కి దొరికే షాట్లను) 0.475తో గుణించి కలపాలి. 58 షాట్లు, 10 ఆఫెన్సివ్ రీబౌండ్లు, 12 టర్నోవర్లు, 18 ఫ్రీ త్రోలు అయితే సుమారు 68.5 పొసెషన్లు. వంద పొసెషన్లకు 104 వేసి 110 ఇచ్చే జట్టు సగటున మ్యాచ్‌కి నాలుగు పాయింట్ల తేడాతో ఓడుతుందన్నమాట. పోయిన ఏడాది ఈ తేడా మైనస్ 14, ఈ ఏడాది మైనస్ 6 అయితే, గెలుపులు రెండే పెరిగినా కోచ్ పని చేస్తున్నట్టే. మైనస్ 12 దగ్గరే ఉండి దగ్గరి మ్యాచ్‌లు నాలుగు నెగ్గి గెలుపులు పెరిగితే అది వచ్చే ఏడాది కరిగిపోతుంది.

కోచ్ చేతిలో ఉన్నవీ లేనివీ విడదీయడం అన్నిటికన్నా ముఖ్యం. ప్రత్యర్థులు మూడు పాయింట్ల షాట్లు 39 శాతం వేస్తున్నారని కోచ్‌ని తిట్టడం దండగ, ఆ శాతంలో అదృష్టం పాలు చాలా ఎక్కువ. వాళ్లకు అన్ని షాట్లు వేసే చోటు దొరుకుతోందా అన్నది మాత్రం డిఫెన్స్ తప్పే. అందుకే శాతం కాదు, ప్రయత్నాల సంఖ్య చూడండి. టర్నోవర్లు నూటికి 17, 18 మామూలు. రెండో ఏడాది ఫిబ్రవరిలో కూడా 20 దాటుతుంటే అలవాటుగా మారిందని అర్థం. డిఫెన్సివ్ రీబౌండ్లు (ప్రత్యర్థి షాట్ తప్పాక పట్టే బంతులు) 70 శాతం కన్నా తక్కువ ఉంటే పొడుగు లేకపోవడమా, షాట్ వేశాక ప్రత్యర్థి బంతి దగ్గరికి రాకుండా అడ్డుకునే అలవాటు లేకపోవడమా చూడాలి. మొదటిది ఏప్రిల్ పోర్టల్‌లో తీరే లోటు, రెండోది తీరదు.

ఇక అసలైన పరీక్ష, ఎవరు మిగిలారన్నది. ఎక్కువ నిమిషాలు ఆడిన ఐదుగురిలో ముగ్గురు తిరిగొస్తే జట్టు కట్టడం జరుగుతోంది. ఒక్కడూ మిగలకపోతే ప్రతి ఏడాదీ మొదటి ఏడాదే, అప్పుడు "పునర్నిర్మాణం" అన్న మాట వాడకూడదు. కొందరు డబ్బు కోసం పోతారు, అది కోచ్ తప్పు కాదు. కానీ తక్కువ స్థాయి జట్లకు, తక్కువ డబ్బుకు పోతున్నారంటే గదిలోపల ఏదో చెడింది.

మరి ఏది మేలు

శిక్షలో ఉన్న జట్టుకు మొదటి దారి. ఆటగాళ్లు మారినా అవే తప్పులు, బలహీన జట్ల మీద సొంత కోర్టులో ఓటములు ఉంటే రెండో దారి, అదీ రెండో సీజన్ ముగిసిన వారంలోనే. పోర్టల్ తెరుచుకున్నాక మారిస్తే కొత్త కోచ్ మిగిలిన ఆటగాళ్లనే ఏరుకోవాలి. మిగతా జట్లకు, అంటే చాలావాటికి, మూడో దారి. ఊరికే పట్టే ఓపిక ఇవాళ్టి నియమాల్లో చౌక కాదు.

ఎం.ఎస్. చదవడానికి వెళ్లి విద్యార్థుల స్టాండ్‌లో గొంతు చించుకునే మన కుర్రాళ్లకు ఈ లెక్క కాస్త చేదుగా ఉండొచ్చు, వాళ్ల చదువే రెండు సీజన్లు కదా. వాళ్లు వెంటనే మార్చమంటే అర్థం చేసుకోవచ్చు. సీజన్ టికెట్ కొనే కుటుంబానికి మాత్రం ఇంకో సాధనముంది. పందొమ్మిదేళ్ల పిల్లాడు ఫ్రీ త్రో వేస్తుంటే అరిచి గోల చేయడం కన్నా, రెన్యువల్ గడువు దాకా ఆగి నాలుగు సీట్లను రెండు చేసుకోవడం అథ్లెటిక్ డైరెక్టర్‌కి బాగా వినిపిస్తుంది. ఆ గడువు సాధారణంగా వసంతంలోనో వేసవి మొదట్లోనో ఉంటుంది. సీట్లు తీసుకునే ముందు మే నెల రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) చూడండి, పోయిన ఏడాది పేర్లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి ఫారం నింపండి.