మనవడి కోసం చూసిన ఆటిజం థెరపీ కేంద్రాలు: ఒక తాతయ్య అభిప్రాయం

సికింద్రాబాద్ చుట్టుపక్కల ఆటిజం ఉన్న పిల్లల కోసం థెరపీ వెతుకుతున్నవారు మొదట బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఉన్న ఎన్‌ఐఈపీఐడీకి, అంటే మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థకు, వెళ్ళండి. ప్రైవేటు కేంద్రాల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. నేను లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగాలకు వెళతారు కాబట్టి మనవణ్ణి థెరపీకి తీసుకువెళ్ళే పని నాదీ, నా భార్యదీ. వాడికి ఇప్పుడు అయిదేళ్ళు. డబ్బు కట్టిన ప్రతిచోటా బదులుగా ఏమి దక్కిందో చూడడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. పిల్లవాడి వయసు గడిచిపోతున్నప్పుడు ఆ చూపు ఇంకా అవసరం.

ఎన్‌ఐఈపీఐడీ కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1984 నుంచి ఉంది. ఎన్‌ఐఎంహెచ్ అని పాత పేరు చెబితే ఆటోవాళ్ళు తొందరగా గుర్తుపడతారు. వినికిడి, మాటల సమస్యలు చూసే అలీయావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఆ ప్రాంగణంలోనే ఉంది. మాటలు రాని పిల్లలకు ముందుగా జరగవలసింది వినికిడి పరీక్ష. చెవులు సరిగా వినిపిస్తున్నాయని తేలకుండా స్పీచ్ థెరపీకి డబ్బు కట్టించుకునే చోట ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు.

అక్కడ మాకు బాగా నచ్చింది పరీక్ష చేసిన తీరు. ఇసా అనే భారతీయ కొలమానం ప్రకారం చూశారు. అది ఈ సంస్థ తయారుచేసినదే. అందులో 40 అంశాలు ఉంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆ పైన తీవ్రం. అంకె కంటే కూడా అక్కడికి చేరడానికి అడిగిన ప్రశ్నలు మాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. కుక్కర్ కూత వేస్తే ఏం చేస్తాడు? కావలసింది చూపిస్తాడా, మీ చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాగుతాడా? పిలిస్తే ఎవరి గొంతుకు తిరుగుతాడు? నా భార్య ఒక్కో ప్రశ్నకూ రెండు మూడు సంఘటనలు చెప్పింది. మొండితనం అని మా బంధువులు కొట్టిపారేసిన పనులన్నింటికీ అక్కడ ఒక కారణం దొరికింది. సైకాలజిస్టు మాతో తెలుగులో, తొందరపడకుండా మాట్లాడారు. ఇది చిన్న విషయం కాదు. అర్థంకాని ఇంగ్లీషు రిపోర్టు చేతిలో పెట్టి పంపిస్తే నాయనమ్మ ఇంటికి వెళ్ళి ఏం చేయగలదు?

ఆ తర్వాత ఇంట్లో చేయవలసిన పనులు రాసి ఇచ్చి, ఒక్కొక్కటీ మా ముందు చేసి చూపించి, మా చేత చేయించారు. వాడు నీళ్ళు అడగాలంటే మేము గ్లాసు కనబడేలా, అందకుండా పెట్టాలి. వాడు చూపు తిప్పినా, చెయ్యి చాపినా వెంటనే "నీళ్ళు" అని ఒకే మాట చెప్పి ఇవ్వాలి. వారానికి రెండు మూడు గంటల థెరపీతో ఏ పిల్లవాడూ మారడు. మిగతా సమయమంతా ఇంట్లో గడిచేదే. ఆ ఇంటివాళ్ళకు పని నేర్పే చోటే మంచి చోటని నా గట్టి నమ్మకం. రుసుము కూడా ప్రైవేటుతో పోల్చుకోనవసరం లేనంత తక్కువ. ఆరేళ్ళలోపు పిల్లల కోసం 2021లో అక్కడ ప్రత్యేకంగా ప్రారంభ దశ చికిత్సా కేంద్రం కూడా తెరిచారు.

అయితే రోజువారీ థెరపీకి ఇంటి దగ్గర ఒక కేంద్రం ఉండాలి. అందుకోసం కొన్ని ప్రైవేటు కేంద్రాలు చూశాం. ఒకదాని పేరు చెప్పను గాని, అక్కడ జరిగింది చెప్పాలి. అద్దాల గుమ్మం, రంగురంగుల గోడలు, రిసెప్షన్‌లో మర్యాద, అన్నీ ఉన్నాయి. మూడు నెలల డబ్బు ముందే కట్టమన్నారు. ఆరు నెలల్లో మాటలు వస్తాయని హామీ ఇచ్చారు. పిల్లవాణ్ణి లోపలికి తీసుకువెళ్ళి తలుపు వేసేవారు. తాతయ్య ఉంటే పిల్లవాడికి ధ్యాస నిలవదని నన్ను బయట కూర్చోబెట్టేవారు. ఈ రోజు ఏం చేయించారని అడిగితే "బాగా చేశాడు సార్" అని ఒకటే జవాబు. ఏ నైపుణ్యం నేర్పుతున్నారో, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాడో కాగితం మీద ఒక్క ముక్క లేదు. వాడు ఆ వీధి మలుపు రాగానే ఏడవడం మొదలుపెట్టాడు. మాట రాని పిల్లవాడు లోపల జరిగింది ఇంటికి వచ్చి చెప్పలేడు. అలాంటి పిల్లల గదికి తలుపు వేసి కుటుంబాన్ని బయట ఉంచడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు. కనీసం లోపల జరిగేది చూడడానికి ఒక అద్దం గాని, కెమెరా గాని ఉండాలి. కోడలు డబ్బు పోతే పోయిందని ఆ రోజే మాన్పించింది. ఆమె చేసింది సరైన పని.

ఇప్పుడు వెళ్ళేది అల్వాల్‌లో ఒక ఇంటి కింది అంతస్తులో నడిచే చిన్న చోటు. ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులకు పిల్లలను అలవాటు చేసేవారు), ఒక స్పీచ్ థెరపిస్టు, అంతే. నలభై అయిదు నిమిషాలకు 700 రూపాయలు, ఏ రోజు డబ్బు ఆ రోజే. ఉయ్యాల, పెద్ద బంతి, బియ్యం పోసిన తొట్టె తప్ప పెద్ద పరికరాలేమీ లేవు. నేను మూల కుర్చీలో కూర్చుంటాను. చివరి పది నిమిషాలు నా చేత చేయిస్తారు. మనవడు జుట్టు కత్తిరించుకోవడానికి ఊరంతా వినబడేలా ఏడ్చేవాడు. కత్తెర చప్పుడు, మెడ మీద పడే వెంట్రుకలు వాడికి భరించరానివని ఆక్యుపేషనల్ థెరపిస్టు కనిపెట్టింది. ముందు భుజాలు గట్టిగా నొక్కడం, తర్వాత దువ్వెన, ఆ తర్వాత దూరం నుంచి కత్తెర చప్పుడు, ఇలా మెల్లగా అలవాటు చేసింది. ఇప్పుడు మంగలి ఇంటికి వస్తే కూర్చుంటున్నాడు. స్పీచ్ థెరపిస్టు బొమ్మల కార్డులతో అడగడం నేర్పింది. కార్డులు అలవాటైతే ఇక నోరు తెరవడని మా వియ్యపురాలు భయపడింది. నిజానికి కార్డు ఇస్తే కావలసింది దొరుకుతుందని తెలిశాక వాడి ఏడుపు సగం తగ్గింది, "అట్టు" అనే మాట కూడా కార్డుతోపాటే వచ్చింది.

ఎక్కడ చేర్చినా ముందు థెరపిస్టుల అర్హత అడగండి. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆక్యుపేషనల్ థెరపిస్టులు దాని కిందికి రారు. వారికి బీఓటీ లేదా ఎంఓటీ డిగ్రీ ఉందో లేదో చూడండి. అడిగితే చిన్నబుచ్చుకునే చోటు మనకు వద్దు. వచ్చే మూడు నెలల్లో ఏమి నేర్పుతారో రాసి ఇమ్మనండి. పిల్లవాడు ఏడిస్తే ఏం చేస్తారని కూడా అడగండి. మా అల్వాల్ థెరపిస్టు "ఆపుతాను, ఎందుకో చూస్తాను" అంది. నేను డబ్బు కట్టింది ఆ జవాబుకే.

నయం చేస్తామనేవాళ్ళ గురించి ఒక్క మాట. స్టెమ్‌సెల్ చికిత్స అంటూ లక్షలు అడుగుతున్నారు. ఆటిజానికి దాన్ని చికిత్సగా సిఫారసు చేయలేమని, అలా చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని జాతీయ వైద్య కమిషన్‌లోని నైతిక విభాగం 2022 డిసెంబరులోనే చెప్పింది. బంగారం తాకట్టు పెట్టి పరుగెత్తే తల్లిదండ్రులను చూసి నా కడుపు తరుక్కుపోయింది. దయచేసి వెళ్ళకండి. ఆ డబ్బు ఎన్ని నెలల స్పీచ్ థెరపీ అవుతుందో లెక్క వేయండి.

ఇక కాగితాలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. మన రెండు రాష్ట్రాల్లో సదరం అని పిలిచే వైకల్య ధ్రువపత్రం, దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ తీసుకోవడానికి వెనకాడవద్దు. పిల్లవాడికి ముద్ర పడుతుందని మా ఇంట్లో కూడా చర్చ జరిగింది. ధ్రువపత్రం ఉంటేనే కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా వస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు, ముందస్తు వైద్య పరీక్షలేవీ లేకుండా. థెరపీ ఖర్చుకు కూడా కొంత మొత్తం ఇస్తారు. మనం ముందు కట్టి తర్వాత తెచ్చుకోవాలి గనుక ప్రతి రసీదు మీద పిల్లవాడి పేరు, తేదీ, థెరపిస్టు సంతకం ఉండేలా చూసుకోండి. పాత పన్ను విధానంలో ఉన్న తల్లిదండ్రులకు ఆదాయపు పన్ను లెక్కలో 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు కూడా ఉంది. కొత్త విధానంలో అది లేదు. నా కొడుకు ఆ లెక్క చూసుకున్నాకే ఏ విధానమో నిర్ణయించుకున్నాడు.

జిల్లాలవారు అన్నింటికీ హైదరాబాద్ రానవసరం లేదు. మా చెల్లెలి మనవరాలు ప్రకాశం జిల్లాలో ఉంటుంది. వాళ్ళను నెల్లూరులోని సీఆర్‌సీకి, అంటే దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రానికి, వెళ్ళమన్నాను. అది ఎన్‌ఐఈపీఐడీ కిందే నడుస్తుంది. 2021లో ఇక్కడితోపాటు అక్కడా చిన్నపిల్లల కేంద్రం తెరిచారు. జిల్లా స్థాయిలో ప్రభుత్వ ఆసుపత్రులకు అనుబంధంగా డీఈఐసీలు (చిన్నపిల్లల సమస్యలను తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రాలు), మండలాల్లో బడి వయసు పిల్లలకు భవిత కేంద్రాలు ఉంటాయి. అంగన్‌వాడీ టీచరునో, బడి ప్రధానోపాధ్యాయుణ్ణో అడిగితే దారి చెబుతారు. మొదటిసారి వెళ్ళేటప్పుడు వినికిడి రిపోర్టు, పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు, పిల్లవాడు తినే తిండి, చేతిలో ఉంచుకునే బొమ్మ తీసుకువెళ్ళండి. ఇంట్లో వాడు ఆడేటప్పుడు, అన్నం తినేటప్పుడు, కోపం వచ్చినప్పుడు ఫోనులో కొన్ని నిమిషాల వీడియోలు తీసి పెట్టుకోండి. కొత్త గదిలో కొత్తవాళ్ళ ముందు మా మనవడు కుర్చీ కింద దూరి కూర్చున్నాడు. సైకాలజిస్టు అప్పుడు చూసింది ఆ వీడియోలనే.