చూడి గొర్రెలు కొన్నాక మందలో ఎప్పుడు కలపాలి? వెంటనేనా, మూడు వారాలకా, ఈనాకా?

భాద్రపదం వస్తే చాలు, ఒకటే ప్రశ్న. జంగారెడ్డిగూడెం, గోకవరం వైపు మెట్ట ఊళ్ల నుంచి నాలుగైదు చూడి గొర్రెలు కొని డెల్టాకు తెచ్చుకున్నవాళ్లు, అవి వ్యాను దిగకముందే ఫోన్ చేస్తారు. "మన మందలో వదిలెయ్యమంటారా అండీ, విడిగా కట్టెయ్యమంటారా?" ఈ ఏడాది నేనూ కొన్ని నెల్లూరు జోడిపి గొర్రెలు తెచ్చుకున్నాను. ఏం ఆలోచించి ఏం చేశానో ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుందనిపించింది. ఇదంతా పది, ఇరవై గొర్రెలున్న చిన్న మందల గురించే. వందల గొర్రెలను ఊరూరా తోలుకుపోయే మందల లెక్క వేరు.

దారులు మూడు ఉన్నాయి. దింపిన రోజే మందలో కలిపెయ్యడం ఒకటి. మూడు వారాలు దూరంగా ఉంచి తర్వాత కలపడం రెండోది. ఈని, పిల్ల నిలదొక్కుకునే దాకా విడిగానే ఉంచి, అప్పుడు తల్లినీ పిల్లనూ కలిపి మందలోకి తోలడం మూడోది. ఎవరిని అడిగినా రోగాల గురించి మొదలుపెడతారు. అది అవసరమే, నేనూ చెబుతాను. కానీ ఏ దారి పట్టాలో తేల్చేది నా లెక్కలో ఒక్కటే: ఆ గొర్రె ఈనడానికి ఇంకా ఎన్ని రోజులుంది?

వెంటనే కలపడాన్ని తీసిపారెయ్యలేం. గొర్రె ఒంటరిగా ఉండలేని జీవం. కొత్త చోట రెండు మూడే ఉంటే రాత్రంతా అరుస్తాయి, మేత ముట్టవు. మందలో పడితే పాతవాటి వెనకే మేతకు పోతాయి, నీళ్లు ఎక్కడో వాటినే చూసి నేర్చుకుంటాయి. పైగా సార్వా (వానాకాలం వరి) కోతలయ్యే దాకా మన దగ్గర ఖాళీ చేను దొరకదు. ఉన్నవల్లా కాలువ గట్లు, పుంతలు, కొబ్బరి తోటలు. రెండు జట్లను రెండు చోట్ల మేపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఇంట్లో ఒక్కరే చూసుకునేవాళ్లు వెంటనే కలిపేస్తున్నారంటే అది నిర్లక్ష్యం కాదు, వేరే దారి లేకే.

అయినా నేను వద్దంటాను. పీపీఆర్ (జ్వరం, పారుడుతో ప్రాణం తీసే అంటురోగం) సోకిన గొర్రె సాధారణంగా వారం లోపు బయటపడుతుంది. గాలికుంటు, మశూచి బయటపడటానికి రెండు వారాలు కూడా పట్టొచ్చు. సంతలో కళకళలాడుతూ కనిపించిన గొర్రె లోపల ఏం మోసుకొస్తోందో ఆ రోజు ఎవరూ చెప్పలేరు. ఇరవై ఒక్క రోజులు ఆగమనేది ఇందుకే. ఇక చూడి గొర్రెలతో వచ్చే అసలు భయం ఈసుకుపోవడం, అంటే నెలలు నిండకుండానే పిల్ల పడిపోవడం. దానికి కారణమయ్యే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి ఉన్న గొర్రె మీ పాకలో ఈసుకుపోతే ఆ నీళ్లు, ఆ మాయ తగిలిన గడ్డి నుంచి మీ సొంత చూడి గొర్రెలకూ పాకుతుంది. ఇది మనుషులకూ అంటుకునే రోగం. అలాంటి మాయను వట్టి చేతులతో ముట్టకండి, ఇంట్లో గర్భిణులను ఆ దగ్గరికి రానివ్వకండి. పిల్లను, మాయను కుక్కలు పీకనంత లోతుగా సున్నం చల్లి పూడ్చాలి.

రోగం లేదనే అనుకుందాం, ఢీకొట్టుకోవడం తప్పదు. కొత్తది మందలో పడగానే ఎవరు పెద్దో తేల్చుకోవడానికి పాత గొర్రెలు నెడతాయి, తొట్టి దగ్గరకు రానివ్వవు. ఒట్టి గొర్రెకైతే రెండు రోజుల్లో సర్దుకుపోతుంది. నెలలు నిండుతున్న గొర్రెకు ఆ రెండు రోజులే ప్రాణం మీదకు తెస్తాయి. కడుపులో పిల్ల పెరుగుదలలో మూడింట రెండు వంతులు చివరి ఆరు వారాల్లోనే. ఆ రోజుల్లో తల్లి సరిగా మెయ్యకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కీటోసిస్ అనే జబ్బు వస్తుంది, కవలలు మోసేదానికి మరీ త్వరగా. జబ్బు పడ్డ గొర్రె విడిగా నిలబడిపోతుంది, పళ్లు కొరుకుతుంది, కళ్లు కనపడనట్టు గోడకు తగులుతుంది, చివరకు లేవలేదు. అంత దూరం వచ్చాక మందులతో నిలబెట్టడం కష్టం. మొదటి గుర్తు చూడగానే 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి.

అందుకే మూడు వారాల దారి నాకు ఇష్టం, కానీ అది సరిగ్గా చేస్తేనే. మన దగ్గర చాలామంది పాకలో ఒక మూల తడిక అడ్డం పెట్టి "విడిగా ఉంచాం" అంటారు. తడిక సందుల్లోంచి మూతులు ఆనించుకుంటుంటే పీపీఆర్‌ను అది ఆపదు. కనీసం దొడ్డికి అవతలి పక్కన, పాత మంద నడిచే దారికి దూరంగా ఉండాలి. నేల మెరకగా ఉండాలి, పల్లంలో కట్టొద్దు. రోజూ ముందు పాత మంద పని చూసుకుని, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరకు వెళ్లాలి. బకెట్టు, తొట్టి, చీపురు వేరుగా ఉంచాలి. సంక్రాంతి తర్వాత కొనేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: ఎరువు కోసం చేలో మెట్ట మందలను కట్టించుకునే ఊళ్లలో, ఆ మందలు దిగిన చేలోకి కొత్తవాటిని తోలితే విడిగా ఉంచిన ఫలం పోతుంది.

ఒంటరితనానికి విరుగుడు ఉంది. మీ మందలోంచి చూడి కట్టని, సాధువైన ముదురు గొర్రెను ఒకదాన్ని కొత్తవాటితో కట్టండి. అవి తొందరగా కుదురుకుంటాయి. కొత్తవాటిలో రోగం ఏదైనా ఉంటే ఒక్కోసారి దీనిలోనూ కనిపిస్తుంది. అది కూడా ఆ మూడు వారాలూ మందకు దూరమే, మధ్యలో వెనక్కి తేకూడదు.

మెట్ట గొర్రెకు డెల్టాలో ఉన్న పెద్ద గండం మన పచ్చగడ్డే. కాలువల్లో, చేల మురుగులో ఉండే నత్తల నుంచి కార్జపు జలగ పిల్లలు బయటికి వచ్చి నీటి అంచు గడ్డిని పట్టుకుని ఉంటాయి. ధవళేశ్వరం నీళ్లు పారినంత మేరా ఈ బెడద ఉంది. మెట్టలో పెరిగిన గొర్రెకు ఆ గడ్డి తెలియదు, లేతగా కనిపించగానే ఎగబడి మేస్తుంది. కొన్ని నెలలకు దవడ కింద నీరు దిగుతుంది, పాలు తగ్గుతాయి, అప్పటికి పిల్ల నెలల పసిది. అందుకని మొదటి వారాల్లో వాటిని నీటి అంచుకు తోలకుండా వరిగడ్డి, మినప కట్టె, అవిశ రొట్టతో కట్టి మేపడం మేలు. అవి తిన్న పాత మేత కొంత తెచ్చుకుని, పది రోజుల్లో మెల్లగా మార్చండి. బలం రావాలని ఒక్కసారిగా ధాన్యం, తవుడు కుమ్మరిస్తే కడుపు పులిసి పడిపోతాయి.

నట్టల మందు విషయంలో ఒక హెచ్చరిక. చూడి కట్టిన మొదటి నెలన్నరలో ఆల్బెండజోల్ పట్టకూడదు, పిల్ల అవకరంతో పుట్టే ప్రమాదం ఉంది. ఎన్నో నెలో తేలకపోతే డాక్టరును అడిగి ఫెన్‌బెండజోల్ లాంటిది పట్టించడం మంచిది. పట్టించాక ఒకటి రెండు రోజులు కట్టు మీదే ఉంచితే గుడ్లు మేత భూమిలో పడవు. కొన్నవి మెట్టవి కాక పక్క డెల్టా ఊరివైతే జలగల మందు కూడా కావాలి. గిట్టలకు పది శాతం జింక్ సల్ఫేట్ నీళ్లు, అంటే లీటరుకు వంద గ్రాములు. వరికి జింకు లోపం వస్తే మనం వేసేదే అది, ప్రతి ఎరువుల కొట్లో దొరుకుతుంది. రోజూ కొద్దిసేపు ఆ నీళ్లలో నిలబెడితే బురద నేలలో గిట్టలు కుళ్లవు.

ఇక ఈనాక కలపడం. ఇందులో ఇబ్బంది ఏంటంటే రెండు నెలల పైన రెండు జట్ల చాకిరీ. తెచ్చిన ఖర్చులో ఈ మేత ఖర్చు ఎవరూ లెక్కవేసుకోరు. కానీ దీనికి రెండు గొప్ప లాభాలున్నాయి. బ్రూసెల్లా మూడు వారాల్లో బయటపడదు. రక్త పరీక్ష చేయించాలి, లేదా ఈనే దాకా చూడాలి. విడిగా ఈనితే ఏం జరిగినా ఆ పాకతోనే ఆగుతుంది. రెండోది పిల్ల సంగతి. పుట్టిన గంట రెండు గంటల్లో తల్లి నాకుతూ వాసన పట్టి పిల్లను తనదిగా ఒప్పుకుంటుంది. కొత్త మంద మధ్యలో, ఇంకా బెరుకుగా ఉన్న గొర్రె ఈనితే ఈనబోయే పాత గొర్రె ఏదో వచ్చి పిల్లను నాకి తనదనుకుంటుంది. అసలు తల్లి పక్కకు జరిగిపోతుంది, పిల్లకు ముర్రుపాలు అందవు. తొలిచూలు గొర్రెల్లో ఇది మరీ ఎక్కువ.

ముర్రుపాలే మళ్లీ మనల్ని రోజుల లెక్కలోకి తెస్తాయి. తల్లి ఏ సూక్ష్మజీవుల మధ్య ఉందో వాటికి తట్టుకునే శక్తే ముర్రుపాల ద్వారా పిల్లకు వస్తుంది. ఆ శక్తి పొదుగులోకి చేరేది ముఖ్యంగా ఈనే ముందు నెలలో. చిటుక రోగం (ఉన్నట్టుండి చంపే పేగుల రోగం) టీకా ఈనడానికి నెల ముందు వెయ్యమనేది కూడా అందుకే. అంటే, మందలో కలిపాక కనీసం ఒక నెల గడిచి ఈనితే ఆ పిల్లకు ఆ మంద రక్షణ ఉంటుంది, తల్లికీ తొట్టి దగ్గర చోటు కుదురుతుంది. విడిగా ఉంచే మూడు వారాలకు ఈ నెల కలిపితే దాదాపు యాభై రోజులు. గొర్రె మోసేది నూట యాభై రోజులు. అందుకే కొన్న రోజుకు చూడి నూరు రోజుల లోపు ఉంటే మూడు వారాలు ఆగి కలపండి. నూరు దాటితే ఈనే దాకా విడిగా ఉంచి, పిల్లకు రెండు మూడు వారాలు వచ్చాక కలపండి. ఈనడానికి పదిహేను రోజులే ఉన్నదాన్ని అసలు వ్యాను ఎక్కించొద్దు, ఎంత చవకైనా.

మరి ఆ నూరు రోజులు ఎలా తెలుస్తాయి? అమ్మేవాళ్లు అన్నింటికీ "మూడు నెలలండీ" అంటారు. చూడి ఎన్నో నెల అని కాకుండా, పొట్టేలును ఎప్పుడు వదిలారో అడగండి. పౌర్ణమి లెక్క దీనికి భలే కుదురుతుంది. జ్యేష్ఠ పౌర్ణమికి పొట్టేలు దాటితే కార్తీక పౌర్ణమి అటూ ఇటుగా ఈనుతుంది, మధ్యలో అధిక మాసం వస్తే తప్ప. పొదుగు చూడండి: ముదురు గొర్రెకు పొదుగు దిగిందంటే నెల లోపే అనుకోవాలి, తొలిచూలుకు అంతకంటే ముందే దిగొచ్చు. దగ్గర్లో స్కానింగ్ చేసే పశువైద్యుడుంటే అన్నిటికంటే అదే నమ్మకం. తేడా వస్తే ఎక్కువ నెలలనే అనుకుని నడుచుకోవడం మంచిది.

మిగతా పద్ధతులు కూడా కొందరు చెబుతారు. కొత్తవాటిని వేరేవాళ్ల మందలో నెల రోజులు వదిలి తేవడం అంటే మన రోగ భయాన్ని వాళ్ల మీద పెట్టడమే. ఇంటి ముందు ఒక్కదాన్నే గుంజకు కట్టి ఉంచడం చూడి గొర్రెకు మంచిది కాదు.

నేను ఈసారి తెచ్చినవి మూడో నెలవని తేలాయి కాబట్టి రెండో దారే పట్టాను. కార్తీకంలో తుపాను పడితే నీళ్లు నిలవని మెరక పాకలో ఉంచి, రక్త పరీక్ష కూడా చేయించి, గడువయ్యాక కలిపాను. కలపడానికి వాన లేని రోజు చూసుకోండి. రెండు జట్లకూ కడుపు నిండా మేపి, సాయంత్రం బయలు నేలలో ఒకేసారి వదలాలి. ఒక్కోదాన్నీ పాకలోకి నెట్టకూడదు, పారిపోవడానికి చోటు లేక దెబ్బలు తింటుంది. పాకలో చూడి గొర్రెకు పదహారు చదరపు అడుగుల చోటు, తొట్టి దగ్గర అడుగున్నర వెడల్పు ఉండేలా చూసుకోండి. మొదటి రాత్రి తొట్టి ఇంకోటి అదనంగా, దూరంగా పెడితే నెట్టివేతకు గురైనవి కూడా తింటాయి. మర్నాడు పొద్దున్నే మందను తోలే ముందు కొత్తవాటి పొట్టలు చూడండి, ఎడమ డొక్క లోపలికి పోయి ఉంటే ఆ గొర్రెకు మేత విడిగా వెయ్యండి. పొట్టేలును మాత్రం ఇంకో వారం పక్కన కట్టేసే ఉంచాలి.